ఐదున్నర గంటలు

స్నేహితుడు శ్రీనివాసప్ప చావుకు వెళ్లినప్పుడు కూడా అశ్వత్థప్ప ఆ ఇంటి మిద్దె ఎక్కలేదు. నెల తర్వాత శ్రీనివాసప్ప భార్య గంగమ్మ ఫోన్ చేస్తే ఇక తప్పించుకోలేక, హొసకోటెలో తన రేడియో రిపేరు అంగడి మూసి, బస్సెక్కి బెంగళూరులోని మహదేవపుర చేరాడు.

"ఆయన పొయ్యి నెలాయె అన్నా. మిద్దెమీద ఆ రేడియో కమ్ములు మాత్రం దినమూ పదిగంటలకు తిరగతా ఉండాయి. ఇంట్లో కూచోవాలంటే భయంగా ఉండాది. దాన్ని నిలిపేసి పో," అంది గంగమ్మ.

తిప్పేది కంప్యూటరని అశ్వత్థప్పకు తెలియక కాదు. పెట్టిందే తాను. తానూ, పోయిన శ్రీనివాసప్పా లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే హ్యాములు. ఉపగ్రహం మీదుగా దూరాభారం మనుషులతో మాట్లాడే పిచ్చి ఇద్దరికీ. ఉపగ్రహం ఒక దిక్కున పొడిచి ఇంకో దిక్కున కుంకే ఆ పావుగంటా యాంటెన్నా దాని వెంటే తిరగాలి. శ్రీనివాసప్ప ఏళ్లతరబడి చేత్తో మీట నొక్కి తిప్పుకున్నాడు. షుగరు ఆయన కళ్లను తినేశాక, 2001 ఉగాది ముందు, అశ్వత్థప్ప ఒక పాత కంప్యూటర్ తెచ్చి మోటారుకు తగిలించాడు. అది లెక్కవేసుకుని తానే తిప్పుతుంది.

ఆ రోజునుంచీ ఒక్క గొంతూ వినబడలేదు. శ్రీనివాసప్ప ఫోన్ చేసి మొరపెట్టుకున్న ప్రతిసారీ, "కంప్యూటర్ తప్పు చెయ్యదప్పా. మిద్దెమీద వైరు ఎక్కడో తెగింటాది, చూడు," అనేవాడు ఈయన. చూపులేనివాణ్ణి చూడమన్నాడు, మహానుభావుడు! తాను వచ్చి చూడడానికి మాత్రం తీరిక లేదు. ఆఖరికి శ్రీనివాసప్ప ఆ వైరు తడుముకుంటూ వెళ్లి, పిట్టగోడ లేని వైపునుంచి కిందపడి చచ్చిపోయాడు.

పది కొట్టింది. పైన మోటారు గుర్రుమంది.  ఈసారి అశ్వత్థప్ప మిద్దె ఎక్కాడు. యాంటెన్నా మెల్లగా తలెత్తి, ఎవరినో వెతుకుతున్నట్టు ఆకాశమంతా చూసుకుంటూ పోతోంది. వైరును ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమాడు. ఎక్కడా తెగలేదు.

కిందికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెరమీద పదీ ఇరవై. చేతి గడియారంలోనూ పదీ ఇరవై. అప్పుడు ఆయనకు తట్టింది. ఆ ప్రోగ్రాముకు ఇవ్వాల్సింది గ్రీనిచ్ టైము, మన టైముకంటే ఐదున్నర గంటలు వెనక. ముప్పై ఏళ్లుగా ఎవరితో ఎప్పుడు మాట్లాడిందీ తన లాగ్ పుస్తకంలో గ్రీనిచ్ టైములోనే రాసుకునే మనిషి, ఆవేళ చేతి గడియారం చూసి నిమిషం తేడా లేకుండా మన టైము పెట్టిపోయాడు. ఉపగ్రహం గ్రీనిచ్ పదింటికి, అంటే మన మధ్యాహ్నం మూడున్నరకు వస్తుంటే, యాంటెన్నా పొద్దున పదింటికే ఖాళీ ఆకాశాన్ని గాలిస్తోంది.

టైము సరిచేశాడు. ఏమీ చెప్పకుండా కరెంటు తీసేసి పోవచ్చు; ఎవరికి తెలుస్తుంది? చెప్పులదాకా వెళ్లి, పోలేక తిరిగొచ్చాడు. రేడియో పెట్టి మధ్యాహ్నందాకా దాని ముందే కూర్చున్నాడు.

మూడున్నరకు మోటారు మళ్లీ కదిలింది. స్పీకరులో గరగర, దాని వెనకే మనుషుల గొంతులు. చెన్నైనుంచి ఎవరో ఇంగ్లీషులో అడుగుతున్నారు: బెంగళూరు శ్రీనివాసప్ప ఏమయ్యాడు, ఇన్ని నెలలుగా జాడ లేదు, ఎవరికైనా తెలుసా అని.

మొగుడి పేరు గంగమ్మ చెవిన పడింది. "వైరు తెగలేదా అన్నా?"

"లేదమ్మా."

"మరి ఆయన ఎందుకు ఎక్కినాడు?"

"నేను టైము తప్పు పెట్టినాను. వైరు చూడమని చెప్పింది కూడా నేనే."

గంగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మైకు ఆయన ముందుకు జరిపింది. "వాళ్లు అడగతా ఉండారు కదా. చెప్పు."

హెడ్‌ఫోను తగిలించుకుని, మైకు మీట నొక్కాడు. శ్రీనివాసప్ప చనిపోయాడనీ, తప్పు తనదనీ ఇంగ్లీషులో చెప్పాడు. ఉపగ్రహం ఎవరి మాటనైనా అందరికీ కిందికి పంపుతుంది, పలికినవాడికి కూడా. అశ్వత్థప్ప గొంతే, సన్నగా వణుకుతూ పైనుంచి దిగి, తప్పు నాదని ఆయన చెవిలో చెప్పింది.