రుక్మణి నడిపిన వ్యాను

వ్యానును షెడ్డులోంచి బయటికి తీసే రోజున అందులో రెండు పిల్లులున్నాయి. మూడేళ్ళ కిందట అవి పుట్టింది డ్రైవరు సీటు వెనక, ఒక పాత గోనెపట్టా మీద. వాటికి తెలిసిన ఇల్లు ఆ వ్యానే. రుక్మణి రెండుసార్లు కిందికి దింపి చూసింది. రెండుసార్లూ మళ్ళీ ఎక్కాయి. "సరి, అవీ వస్తాయి" అని తలుపు వేసేసింది.

అది 2002 డిసెంబరు. మార్గళి, అంటే ధనుర్మాసం, మొదలై వారమైంది. కడంబూరు దగ్గర నల్లరేగడి చేల మధ్య వాళ్ళ ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రుక్మణి భర్త చెల్లసామి పంతొమ్మిదేళ్ళు ఆ వ్యాను నడిపి బతికాడు. తిరుచెందూరుకు, పళనికి, రామేశ్వరానికి ఊళ్ళకు ఊళ్ళను మోసుకెళ్ళి తీసుకొచ్చాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ వ్యాను శబ్దమే సందడి.

1999 జనవరిలో ఒక తెల్లవారుజామున, పెళ్ళివాళ్ళను దింపి ఖాళీ బండితో తిరిగి వస్తుండగా, ఏళాయిరంపన్నై దారిలో వ్యాను ఒక ఆడమనిషిని గుద్దింది. పేరు పాండిసెల్వి, ఇరవై తొమ్మిదేళ్ళు. టపాసుల కంపెనీలో పనికి టిఫిను క్యారియరు పట్టుకుని నడిచిపోతోంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. మంచు దట్టంగా ఉంది, చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె హఠాత్తుగా అడ్డం పరుగెత్తిందని చెల్లసామి పోలీసులకు చెప్పాడు. కోర్టులోనూ అదే చెప్పాడు. 2002 అక్టోబరులో కేసు కొట్టేశారు.

తీర్పు విన్న రోజు అతనికి సంతోషం కలగలేదు. బాధా కలగలేదు. అసలు ప్రమాదం జరిగిన నాటినుంచీ అతనికి ఏదీ పెద్దగా తెలియడం లేదు. పొగలు కక్కే టీ గ్లాసు చేతికిస్తే అలాగే పట్టుకుని కూర్చుంటాడు. వేళ్ళు ఎర్రబడ్డాక రుక్మణే వచ్చి లాక్కుంటుంది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. వ్యాను షెడ్డులోనే ఉండిపోయింది.

రుక్మణి పదహారేళ్ళకే వాళ్ళ నాన్న ట్రాక్టరు నడిపిన మనిషి. కేసు నడుస్తుండగానే కోవిల్పట్టికి వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. తీర్పు వచ్చిన రెండు నెలలకు వ్యానులో సీట్లన్నీ ఊడదీయించింది. ఒక నులకమంచం, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, పిల్లుల కోసం బేసినులో ఇసుక పెట్టింది.

"ఎక్కు మామా" అంది.

"యాడికి?"

"యాడికైనా. నువ్వు ఊరోళ్ళకంతా తిప్పి చూపిస్తివి. నేనేం చూస్తిని? కోవిల్పట్టి బస్టాండు చూస్తిని."

అతను ఎక్కి వెనక మంచం మీద కూర్చున్నాడు. నల్లపిల్లి కరుప్పి అతని కాళ్ళ మీద పడుకుంది. చారల పిల్లి మణి అద్దం దగ్గర కూర్చుని బయటికి చూడసాగింది.

మొదటి రెండు రోజులూ ఎక్కువ దూరం పోలేదు. కడంబూరు స్టేషను బయట చింతచెట్ల కింద బండి ఆపి వచ్చే పోయే రైళ్ళను చూశారు. రుక్మణి అన్నం వండింది, కరువాడు కాల్చి పిల్లులకు పెట్టింది. ఎండుచేప వాసనకు పిల్లులు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడాయి. చెల్లసామి పెట్టింది తిన్నాడు. రుచి ఎలా ఉందని అడిగితే "ఉండాది" అన్నాడు.

మూడోరోజు పొద్దున్న కోవిల్పట్టి వచ్చారు. రుక్మణి పాలు, వేరుశనగ మిఠాయి కొని బండెక్కింది. "సాత్తూరు మీదుగా విరుదునగర్ పోదాము" అంది.

"ఏళాయిరంపన్నై మీద పో" అన్నాడు చెల్లసామి.

ఇల్లు వదిలాక అతను తనంతట తాను అన్న మొదటి మాట అది. రుక్మణి అద్దంలో అతని వంక చూసింది. ఎందుకని అడగలేదు. బండి ఆ దారికి తిప్పింది.

దారి పొడుగునా ఆడవాళ్ళు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని గుంపులుగా పనికి పోతున్నారు. ఊళ్ళో టీ కొట్టు దగ్గర బండి ఆగింది. చెల్లసామి దిగి, బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయనను పాండిసెల్వి ఇల్లు ఎక్కడని తమిళంలో అడిగాడు. ఆయన పేరు పేచ్చిముత్తు, పాండిసెల్వి వాళ్ళకు పక్కింటివాడు. గడ్డం పెరిగిన చెల్లసామిని ఆయన గుర్తుపట్టలేదు.

"ఆ ఇంటికి తాళం కదా. మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని తిరుప్పూరు పోయాడు. కూతురు అమ్మమ్మ దగ్గర ఉంది, తిరుచ్చులి పక్కన" అని ఊరి పేరు కూడా చెప్పాడు పేచ్చిముత్తు. టీ తాగి గ్లాసు కింద పెడుతూ, "పాండిసెల్వికి ఎప్పుడూ తొందరే. ముందూ వెనకా చూడకుండా పరుగెత్తింది. డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు పాపం" అన్నాడు.

చెల్లసామి వచ్చి వ్యాను ఎక్కాడు. ఈసారి వెనక్కి పోలేదు, రుక్మణి పక్కన కూర్చున్నాడు. సాత్తూరు దాటింది. తర్వాత, ముందున్న లారీ వంక చూస్తూనే చెప్పాడు.

"ఆమె ఉరకలేదు. దారి ఓరంగా నడిచి పోతా ఉండె. నేను నిద్రపోతిని."

రుక్మణి చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. లారీని దాటే జాగా ఉన్నా దాటలేదు. దాని వెనకే పది మైళ్ళు మెల్లగా పోయింది.

విరుదునగర్‌లో సాయంత్రం ఒక కొట్టు ముందు ఆగి నూనెలో వేయించిన పరోటాలు తెచ్చింది. ఆకు విప్పి అతని ముందు పెట్టాక అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"తెలీదు. మొదట పోలీసు స్టేషనులో ఒకతూరి ఉరికిందని చెప్తిని. ఆ పొద్దు నుంచీ అదే నోట్లోకి వస్తా ఉండె."

"రేపు తిరుచ్చులి పోదాము" అంది రుక్మణి. తన పరోటా సగం తుంచి పిల్లులకు వేసింది. తాను తినలేదు.

మరుసటి రోజు తొమ్మిదింటికి ఆ ఊరు చేరారు. ఊరి చివర పెంకుటిల్లు, ముందు చిన్న వాకిలి, ఒక పక్క జొన్నచొప్ప వామి. పాండిసెల్వి తల్లి మాయక్కాళ్ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తొమ్మిదేళ్ళ మనవరాలు జోతిలక్ష్మి స్కూలుకు సెలవులు కాబట్టి పక్కనే ఉంది.

"అవ్వా, ఎవరో బండిలో వచ్చుండారు" అంది ఆ పిల్ల.

చెల్లసామి గడప ముందే ఆగిపోయాడు. వాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారని అతనికి తెలియదు. పోలీసుల దగ్గర, లాయరు దగ్గర, కోర్టులో అంతా తమిళమే. దారిలో అతను తమిళంలోనే అంతా మనసులో అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ మాటలు పనికిరావు.

"ఎవరు కావాల?" అంది మాయక్కాళ్.

"నేను చెల్లసామి, అమ్మా. ఆ వ్యాను నాదే. నీ కూతుర్ని..."

మాయక్కాళ్ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "దేనికి వస్తివి?"

"కోర్టులో నేను చెప్పింది అబద్దం. నీ కూతురు అడ్డం రాలేదు. దాని మీద ఏ తప్పూ లేదు. నేను బండిలో నిద్రపోతిని."

ఆమె లేవలేదు, అరవలేదు. చాలాసేపు అతని కాళ్ళ వంక చూసింది.

"నాలుగేండ్లుగా నేను దాన్ని తిడతా ఉండాను" అంది చివరికి. "దండం పెట్టేటప్పుడు కూడా తిడతా ఉండాను. ఎందుకు ఉరికితివే పాపిష్టిదానా, బిడ్డను ఇట్ల వదిలి పోతివే అని. దినమూ."



"దీనికీ అట్లనే చెప్పి పెంచుతా ఉండాను. మీ అమ్మ మాదిరి ఉరకొద్దు, మీ అమ్మ మాదిరి ఉరకొద్దు అని." ఆమె మనవరాలి భుజం పట్టి ముందుకు తెచ్చింది. "దీనికి చెప్పు."

చెల్లసామి కింద కూర్చున్నాడు. "మీ అమ్మ ఉరకలేదు తల్లీ. తప్పు నాది."

జోతిలక్ష్మి అతని ముఖం చూసింది. "ఏ పక్క నడిచె?"

"ఎడమ పక్క. దారికి కింద, మట్టిలో."

పిల్ల తల ఊపింది. మాయక్కాళ్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చెప్తివి కదా. పోండి. ఇంక ఈ వాకిట్లోకి రావొద్దు."

చెల్లసామి లేచి రుక్మణితో వెనక్కి నడిచాడు. వ్యాను తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద మణి ఒక్కటే ఉంది. రుక్మణి బండి కింద చూసింది, డ్రమ్ము వెనక చూసింది. "కరుప్పీ" అని పిలిచింది. చొప్ప వామి అడుగున కదిలినట్టయింది. జోతిలక్ష్మి వంగి చూసి, "లోపల ఉండాది, కండ్లు కనపడతా ఉండాయి" అంది.

పొమ్మన్న వాకిట్లో వాళ్ళు నిలబడిపోవలసి వచ్చింది. పిల్లి ఎప్పుడూ వ్యాను వదిలి ఇంత దూరం రాలేదు. బెదిరిపోయి వామి మధ్యకు దూరింది. రుక్మణి, జోతిలక్ష్మి చెరో పక్క పడుకుని పిలుస్తున్నారు. చెల్లసామి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. మాయక్కాళ్ మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది కానీ ఒక్కటీ తీయలేదు. కాసేపటికి ఎవరి వంకా చూడకుండా మాట్లాడసాగింది.

"అది చిన్నప్పటి నుంచీ మెల్లగానే నడిచేది. స్కూలుకు ఆలస్యమై దెబ్బలు తినేది గాని ఉరికేది కాదు. పెళ్ళినాడు కూడా అందరూ తొందరపెడతా ఉంటే, నిలిచి నిలిచి వచ్చె. ఇది నాకు తెలుసు కదా. తెలిసీ నేను ఎట్ల నమ్మితిని?"



"వెల్లుల్లి కారం బాగా చేసేది. దాని టిఫినులో ఆ పొద్దు అదే ఉండెనంట. ఎవరో చెప్పిరి." ఆమె చెల్లసామి వంక తిరిగింది. "నువ్వు చూస్తివా?"

"చూస్తిని" అన్నాడు అతను. "దారంతా ఎర్రగా పడుండె. నేను మొదట అది వేరే అనుకుంటిని."

ఆ మాట అతను అంతదాకా ఎవరితోనూ అనలేదు. అన్నాక కూడా గుండెలో ఏమీ కదల్లేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. అరగంట దాటింది, పిల్లి రాలేదు. మాయక్కాళ్ లేచి లోపలికి పోయి, ఎండుచేప ముక్క ఒకటి పొయ్యి మీద కాల్చి తెచ్చింది. మనవరాలి చేతికిచ్చి, "వామికి కొంచెం దూరంగా పెట్టి వెనక్కి రా. అందరూ సుమ్మ ఉండండి" అంది. అందరూ కదలకుండా ఉన్నారు. కరుప్పి ఒళ్ళంతా చొప్ప పీచుతో బయటికి వచ్చింది. చేప నోట కరిచేలోపు రుక్మణి ఎత్తుకుంది.

వ్యాను దాకా మాయక్కాళ్ కూడా వచ్చింది. రుక్మణి డ్రైవరు సీటులోకి ఎక్కడం చూసి ఆగింది.

"నువ్వా నడిపేది?"

"అవునక్కా."

"చూసి నడుపు." తర్వాత చెల్లసామితో అంది, "అక్కడ ఏళాయిరంపన్నైలో అందరూ అది ఉరికి చచ్చిందనే అంటారు. నా అల్లుడూ అదే అంటాడు. అక్కడ కూడా చెప్పు."

"చెప్తాను."

ఆ రోజే వెనక్కి తిరిగారు. మూడు గంటలకు ఏళాయిరంపన్నై టీ కొట్టు ముందు బండి ఆగింది. పేచ్చిముత్తు అదే బెంచీ మీద ఉన్నాడు, మరో ఐదారుగురున్నారు. చెల్లసామి దిగి వాళ్ళ ముందు నిలబడి తమిళంలో తన పేరు చెప్పాడు. పాండిసెల్వి పరుగెత్తలేదని, తాను నిద్రపోయి గుద్దానని, కోర్టులో అబద్ధం చెప్పానని చెప్పాడు. నాలుగే మాటలు. కొట్టువాడు పాలు పొంగుతున్నా స్టవ్వు తగ్గించడం మరిచిపోయాడు.

ఒకడు లేచి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. చెల్లసామి విడిపించుకోలేదు. వాడు ఒక దెబ్బ వేశాడు, రెండోది వేయబోతే పేచ్చిముత్తు అడ్డం వచ్చాడు. "నేను నిన్ననే ఆ పిల్లను ఎంత మాటన్నాను" అన్నాడు ఆయన, ఎవరితోనో కాదు, తనతో తానే. తర్వాత, "తిరుప్పూరుకు నేను ఫోను చేయిస్తాను. నువ్వు పో" అన్నాడు.

రుక్మణి దిగి వచ్చి అతని చెంప చూసింది. పెదవి చిట్లి రక్తం వస్తోంది. తడిగుడ్డ అద్దుతూ, "నొస్తా ఉండాదా?" అంది.

అతను ఆలోచించాడు. "తెలీలేదు."

నెల తర్వాత అతను కోవిల్పట్టిలో తన లాయరు దగ్గరికి పోయి ఇదంతా చెప్పాడు. కేసు ముగిసిపోయిందని, ఇంటికి పోయి పడుకోమని లాయరు విసుక్కున్నాడు. అతను ఆ తర్వాత కూడా బండి నడపలేదు. టీ గ్లాసు వేడి ఇంకా తెలియదు. మాయక్కాళ్ నుంచి ఏ కబురూ రాలేదు, అతను ఎదురుచూడనూ లేదు. పైసంవత్సరం మార్గళిలో రుక్మణి మళ్ళీ బండి తీసింది, రామేశ్వరం దాకా పోయి వచ్చారు. రెండు పిల్లులూ వచ్చాయి.

టీ కొట్టు ముందు నిజం చెప్పిన ఆ సాయంత్రం, ఏళాయిరంపన్నై దాటి పొలాల మధ్య పోతుండగా, రుక్మణి అడిగింది.

"ఇంకేమన్నా చెప్పాల్సింది ఉండాదా మామా?"

"లేదు."

"సరి. కోవిల్పట్టిలో డీసెలు పోయించుకుందాము" అని గేరు మార్చింది.