మంగళవారం చీపుర్లు

ఫరహా చీపురు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాడని చీపురు. కట్టు కూడా విప్పలేదు. కారు రోడ్డు మీదే ఆపి మా చింతగుంపు గూడెం దాకా నడిచినట్టుంది, చెప్పులకు ఎర్రమట్టి అంటుకుంది. నేను కొట్టం ముందు కూర్చుని తాడు పేనుతున్నాను.

"సలాం చాచా," అని అరుగు మీద కూర్చుని, చీపురును నా ముందు పెట్టింది. "ఇది ఎవరిదో గుర్తువడతవా?"

చూశాను. కొండచీపురు. కట్టు చూస్తే ఎవరు కట్టారో మాకు తెలిసిపోతుంది. మళ్లీ తాడు అందుకున్నాను.

ఫరహా మా డాక్టరు సాబు బిడ్డ. ఒక్కతే బిడ్డ. ఖమ్మంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. సాబు పోయి, పాల్వంచలో మట్టిచేసి, నలభయ్యో రోజు చాలీస్వా కూడా అయిపోయింది. ఆ రోజు మంగళవారం, మా సంత. ఏళ్ల తరబడి ఆయన కూర్చున్న సంతలోనే ఆయన పేరు మీద నాలుగు మాటలు చెప్పుకుందామని సర్పంచ్ శ్రావణి సభ పెట్టింది. ఫరహా దానికే వచ్చింది. కానీ ముందు నా దగ్గరికి వచ్చింది.

"అటక మీద అన్ని ఇవే చాచా. మంచాల కింద ఇవే. ప్రతి మంగళవారం మా అబ్బా ఈడికెల్లి చీపుర్లు పట్టుకొచ్చేటోడు. అమ్మీ కొట్లాడేది. మున్సిపాలిటీల చేరినవా, ఊరంత ఊడుస్తవా అని. నవ్వేటోడు గని ఎందుకో చెప్పకపోయేటోడు."

నేను తాడు పేనుతూనే ఉన్నాను.

"ఇప్పుడు ఇల్లు సర్దుతుంటే అమ్మీ ఒక్కొక్కటి తీసి ఏడుస్తున్నది. తిట్టుడే తిట్టిన, నిమ్మళంగ ఒక్కసారన్న అడగనైతి అంటున్నది. నీకు ఎరికే గదా. నువ్వు పక్కనే ఉన్నవ్."

"తెల్వదు బిడ్డా."

"ఇటు చూసి చెప్పు."

నేను అటు చూడలేదు.

"చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చినా మంగళవారం అబ్బా ఆగకపోయేటోడు. బస్సెక్కేటోడు. అన్ని దినాలు మాకు, ఆ ఒక్క దినం మీకు. ఆ దినం ఏం చేసేటోడో ఇంట్ల ఒక్క ముక్క చెప్పలే. మనిషే పోయిండు. నాకు ఒక్కటన్న చెప్పు చాచా. ఒక్కటి చాలు."

"చాయ్ తాగుతవా?" అన్నాను. తాగనంది. చీపురు చంకలో పెట్టుకుని సంత వైపు వెళ్లిపోయింది.

సాబు అసలు పేరు ముస్తకీమ్. మొదట్లో సంతకు వచ్చినప్పుడు ఆయనకు మా కోయ భాష రాదు. మా ముసలమ్మలకు తెలుగు రాదు. మధ్యలో దేవ్లాను పెట్టుకున్నాడు. దేవ్లా నాకు వరసకు బావ, నోరు బాగా ఆడుతుంది. ముసలమ్మ తన బాధంతా వరసపెట్టి చెప్పుకుంటే దేవ్లా "ఏం లేదు సాబ్, గ్యాసు" అనేవాడు. పొద్దున ఏం తిన్నదో అడగమంటే, ఏం తినాలో ఏం తినకూడదో తనే వైద్యం చెప్పేవాడు. పొద్దుగూకితే కల్లు దగ్గర కూర్చుని ఎవరికి ఏ రోగమో చెప్పి నలుగురినీ నవ్వించేవాడు.

ఒక మంగళవారం కాలికి గొడ్డలి తగిలి నేను పోయాను. ఏం తగిలింది అన్నాడు సాబు. గొడ్డలి అన్నాను. ఎట్ల అన్నాడు. కట్టె కొడుతుంటే అన్నాను. నొప్పి ఉన్నదా అన్నాడు. ఉన్నదన్నాను. కట్టు కట్టి, నా మొహం కాసేపు చూసి, "తెలుగు మంచిగొస్తది. సదువుకున్నవా?" అని అడిగాడు.

"ఆశ్రమ బడిల మూడు."

"వచ్చే వారం నుంచి నా పక్కకు వచ్చి కూసో."

దేవ్లా ఇప్పటికీ అంటాడు, "గొడ్డలి దెబ్బ నీకు, నౌకరీ పోయింది నాకు" అని.

సంత పక్కన కిరాయికి తీసుకున్న రేకుల గది అది. ఒక బల్ల, ఒక గోనె పరదా. ఆడవాళ్లు చెప్పుకునేటప్పుడు నేను గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ని. వాళ్లు గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్లు. గోడ కోయలో విని తెలుగులో చెప్పేది. కొన్నాళ్లకు సాబుకూ కోయ వచ్చింది, చిన్నపిల్లలు నవ్వే కోయ. అయినా నన్ను లేవనియ్యలేదు. "నాకు సమజైతది గోపాలన్నా. గని వాళ్లకు నీ వీపుకు చెప్పుకునుడు అలవాటైంది," అనేవాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పితే సగం నాకు పెట్టేవాడు. ఇప్పపూలు రాలే రోజుల్లో కిటికీ తెరిచి ఉంచమనేవాడు. వానాకాలం వాగు పొంగి బస్సు రాకపోతే మా ఇంటికే వచ్చేవాడు. జొన్న గటక, చింతకాయ తొక్కు పెడితే రెండోసారి అడిగి వేయించుకునేవాడు. "మా ఇంటామె ఫజిలత్‌కు చెప్పకు. నా వంటకు ఇట్ల ఎన్నడన్న అడిగినవా అంటది," అనేవాడు. సాయంత్రం సంచీ నేను పట్టుకుంటే ఇద్దరం బస్సు దాకా నడిచేవాళ్లం. దారిలో ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"ఇయ్యాల ఏం విన్నవ్ గోపాలన్నా?"

"ఏం వినలే సాబ్."

"నేను గూడ వినలే."

అదే మా ఇద్దరి ఒప్పందం. వేరే ఒట్లు ఏమీ వేయించలేదు.

సంత షెడ్డులో సభ. ఫ్లెక్సీ మీద సాబు నవ్వుతున్నాడు. బొమ్మలో ఆయన జుట్టు నల్లగా చేశారు. అంగళ్లవాళ్లు కూడా తక్కెళ్లు వదిలి వచ్చి నిలబడ్డారు. ముందు దేవ్లా మాట్లాడాడు. సాబు తనను ఎట్లా తీసేశాడో చెప్పి అందరినీ నవ్వించి, చివరికి తనే ఏడ్చి కూర్చున్నాడు.

శ్రావణి మైకు నా చేతికి ఇచ్చింది. "గోపాలు తాతా, సాబు పక్కపొంటి కూసున్నోనివి నువ్వు. నీకంటె ఎవరికి ఎరుక? జెర చెప్పు."

"సాబు మంచోడు," అన్నాను. ఆగిపోయాను.

"అయిపోయిందా బావా?" అని దేవ్లా కేకేశాడు. "ఈ మాత్రానికి మైకు కిరాయి ఎందుకే?"

అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్నవాళ్లను చూశాను. ఆయన చేసిన మేలు చెప్పాలంటే వాళ్ల బాధ చెప్పాలి. ఫలానా పిల్ల ఎందుకు బతికిందో చెప్పాలంటే ఎందుకు చావబోయిందో చెప్పాలి. బాధను పక్కన పెట్టి మేలు ఒక్కటే తీసి చెప్పడం నాకు రాదు. ముందు వరుసలో ఫరహా ఒడిలో చీపురు పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడడం కూడా మానేసింది. మైకు శ్రావణికి తిరిగి ఇవ్వబోయాను.

అప్పుడు ముత్తక్క లేచింది. చీపుర్లు కట్టే ముత్తక్క. ఇప్పుడు ముసలిది, కర్ర లేనిదే లేవలేదు. సంతలో ధరలు చెప్పే నాలుగు ముక్కలు తప్ప ఆమెకు తెలుగు రాదు. కోయలోనే నన్ను అడిగింది.

"ఆ పిల్ల ఒడిల ఉన్నది నా చీపురే గదా తమ్ముడా. ఎందుకు పట్టుకొచ్చింది?"

"వాళ్ల నాయన ఇన్ని చీపుర్లు ఎందుకు కొన్నడని అడుగుతున్నది."

"నువ్వేమన్నవ్?"

"తెల్వదన్న."

ఆమె కర్ర సర్దుకుని నిలబడింది. "మైకు దగ్గర పెట్టుకో. నేను చెప్త. నువ్వు ఆ పిల్లకు తెలుగుల చెప్పు."

"వద్దక్కా. ఇంతమందిల వద్దు. కోడలున్నది."

"ఉండనీ."

"బయటికొస్తే మల్ల లోపలికి పోదు."

"పండ్లన్ని ఊడినయి. ఇంక నన్ను ఊర్లెకెల్లి ఎవరు ఎల్లగొడతరు? చెప్పు అన్న గదా."

మా మాటలు మావాళ్లందరికీ అర్థమవుతూనే ఉన్నాయి. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నేను అలవాటుగా కొంచెం పక్కకు తిరిగి నిలబడి, ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో ఫరహాకు చెప్పాను.

ఆమె చిన్న వయసులో, చంటిపిల్లవాడు ఒడిలో ఉండగా, వీపు మీద ఒక మచ్చ లేచింది. చలిమంట దగ్గర నిప్పురవ్వ దాని మీద పడితే కాలిన వాసన వచ్చింది కానీ మంట తెలియలేదు. పెద్దరోగం, కుష్టు. ఆ రోగం వచ్చినవాళ్లను అప్పట్లో వాగు అవతల గుడిసె వేసి ఉంచేవాళ్లు. ఆమె మేనత్త అక్కడే పోయింది. అందుకే ముత్తక్క ఊళ్లో జ్వరమని అబద్ధం చెప్పి సాబు దగ్గరికి వచ్చింది. మందుబిళ్లలకు పోతుంది, భయపడకు అన్నాడు సాబు. చాలా రోజులు మింగాలి, చేతుల్లో స్పర్శ ఉన్నదో పోయిందో వారం వారం చూడాలి అన్నాడు. వారం వారం ఈ గదికి వస్తే ఊరికి తెలియదా అని ఆమె ఏడ్చింది.

"అప్పుడు సాబు నన్ను ఏం పని చేస్తవని అడిగిండు," అంది ముత్తక్క. "చీపుర్లు కడ్త అన్న. అయితే నువ్వు నా దగ్గరికి రాకు, నేనే నీ దగ్గరికి కొననీకి వస్త అన్నడు."

అట్లా సాబు ప్రతి మంగళవారం నడి సంతలో ఆమె కుప్ప ముందు గొంతుకు కూర్చునేవాడు. ఒక చీపురు తీసి, పుల్ల బాగాలేదని వంక పెడుతూ, ఆ పుల్లతోనే ఆమె అరచేతినీ వేళ్లనూ గీసేవాడు. తగిలితే ఆమె తిట్టాలి. తగలకపోతే ఊరుకోవాలి. అదీ వాళ్లిద్దరి కట్టుబాటు. ఇచ్చే పైసల కింద బిళ్లల పొట్లం ఉండేది.

డాక్టరును తిట్టేది సంత మొత్తానికి ఆమె ఒక్కతే. జనం ఆగి చూసేవాళ్లు. ఆ తిట్లు తెలుగులో సాబుకు చెప్పే పని నాది. "నీ చేతులు విరగ అంటున్నది సాబ్" అని నేను చెబితే ఆయన మొహం వెలిగిపోయేది.

"ఈ ఏలు మాత్రం పలకకపోయేది," అని ముత్తక్క ఎడమచేతి చిటికెనవేలు పైకెత్తి చూపించింది. "ఎన్ని వారాలు గీసినా నేను మాట్లాడకపోయేదాన్ని. సాబు మొహం చిన్నగైతుండె. ఒక సంతకు పుల్ల తగిలింది. సన్నగ తగిలింది. నాకు తెలిసిన తిట్లన్ని తిట్టిన. ఏడ్సుకుంట తిట్టిన. ఆ దినం కుప్ప మొత్తం కొన్నడు."

నేను అది తెలుగులో చెప్పడం పూర్తికాకముందే ఫరహా అంది, "బస్సు మీద ఏసుకొచ్చిండు. నాకు యాదున్నది. అమ్మీ తలుపు తియ్యలే. అబ్బా బయట నిలబడి నవ్వుతున్నడు. పిచ్చి లేసిందనుకున్నం."

ముత్తక్కకు ఆ మాట నేను కోయలో చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రోగం పూర్తిగా పోయాక ఇక కొనొద్దని ఆమే చెప్పిందట. సాబు వినలేదు. "ఇప్పుడు ఆపితే ముత్తక్క చీపుర్లకు ఏమైంది అంటరు. మల్ల నీ చెయ్యి చూడకుంటే నాకు మనసున పట్టదు" అన్నాడట. ఆ మాట కూడా అప్పట్లో నేనే ఆమెకు చెప్పి ఉంటాను.

ఆమె చెప్పడం అయిపోయింది. ముత్తక్క పక్కన కుర్చీలో ఆమె కోడలు వనజ ఉంది. వెనక ఒకరిద్దరు ఆమె వైపే చూస్తున్నారు. నేనూ అటే చూశాను.

వనజ అత్తను కింది నుంచి పైకి చూసింది.

"గందుకేనా నన్ను ఒక్క సంతకన్న చీపుర్ల కాడ కూసోనియ్యకపోతివి? గుట్టకు పోయి కోసుకొచ్చుడు నేను, బేరం మాత్రం నీదే. కోడలు పైసలు దాసుకుంటదనుకుంటున్నవని నేను ఇన్నేండ్లు కుములుతున్న."

ముందు దేవ్లా నవ్వాడు. తరవాత షెడ్డు మొత్తం నవ్వింది. వనజ నవ్వలేదు కానీ అత్త చెయ్యి పట్టి కిందికి గుంజి కూర్చోబెట్టింది. పట్టిన చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఫరహా లేచి వెళ్లి వాళ్లిద్దరి ముందు నేల మీద కూర్చుంది. ఆమె అడిగింది నాకు వినపడలేదు. ముత్తక్క తన అరచేతిని చాపింది. ఫరహా తన వేలికొనతో దాన్ని గీసింది. ముత్తక్క కోయలో ఒక తిట్టు తిట్టింది. దాన్ని నేను తెలుగులో చెప్పనవసరం లేకపోయింది.

ఇక కూర్చుందామని తిరిగాను. షెడ్డు చివర స్తంభం పక్క నుంచి ఒక ముసలాయన కోయలో నా పేరు పిలిచాడు.

"కూసోకు గోపాలు. నాది గూడ ఉన్నది. ఆ పిల్లకు చెప్పు."

దేవ్లా వెంటనే లేచాడు. "నాది నేనే చెప్పుకుంట. నాకు తెలుగొస్తది. గని బిడ్డా ఫరహా, మా ఆడిది ఇంటికి పోయినంక చెప్త." అతని భార్య కూర్చున్నచోటి నుంచే చెప్పు చూపించింది.

సంత ఎత్తేసే వేళ దాకా నేను నిలబడే ఉన్నాను. చెప్పుకోవాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. వాళ్లు చెప్పినంతే చెప్పాను. లేవనివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ల వైపు నేను చూడలేదు.