మధ్యాహ్నం వేసిన అతుకులు

గట్టి కాంక్రీటును సుత్తితో తడితే ఖంగుమంటుంది. గుల్లబారినదైతే ఖాళీ డబ్బాలా డొబ్బుమంటుంది. ఆ తేడా విని, గుల్ల ఉన్న చోటల్లా సుద్దముక్కతో గుండ్రం గీయడం నా పని. యూనివర్సిటీలోని పాత సైన్సు భవనాన్ని బాగుచేసి, లిఫ్టు పెట్టి, చీకటి గదులకు పెద్ద కిటికీలు తెరిచి మళ్ళీ వాడుకోవాలనుకుంటున్నారు. దాని ఒంట్లో సత్తువ ఎంతుందో తేలాకే మిగతా పని.

ఆ భవనానికి ఒకప్పుడు అటెండరు మా పెదనాన్న. నాన్న పోయాక నన్ను పెంచినవాడు. తాళాలు తియ్యడం, గదులు ఊడవడం, గంట కొట్టడం ఆయన ఉద్యోగం. కారే కప్పును పూడ్చడం ఆయన ఉద్యోగం కాదు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఆఫీసువాళ్ళు ఎవరినీ పంపకపోయేసరికి తనే తాపీ పట్టుకున్నాడు.

"మీ పెదనాన్నకి ఆ బిల్డింగే పెద్ద పెళ్ళాం," అనేది పెద్దమ్మ. "నేను రెండోదాన్ని. మనింటి కప్పు కారితే మాత్రం గిన్నె పెట్టుకోమంటాడు."

స్లాబుల్లో అప్పటికి గుల్ల తేలిన చోట్ల తీసిన ముక్కలను పరీక్షకు పంపారు. ముసురు పట్టిన రోజున ఫలితాలు వచ్చాయి. వరండాలో నీళ్ళు పడని చోటు చూసుకుని నిలబడ్డాం. ముక్కల్లో ఉప్పు ఉందట.

"సముద్రం ఎక్కడో ఉంది. ఈ ఉప్పు ఎక్కడిది?" అన్నాడు ఇంజనీరు. "కట్టినప్పుడే ఉప్పు ఇసుక వాడుంటారు. అలాగైతే ఒళ్ళంతా ఉన్నట్టే. ఇంక బాగుచేయడం దండగ. పడగొట్టమని రాసిచ్చేస్తా."

"ఉప్పు తిన్నాక నీళ్ళు తాగక తప్పుతుందా సార్," అన్నాడు మేస్త్రీ, కారుతున్న కప్పు కేసి చూస్తూ. "ఇది కడుపునిండా తాగింది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బడి సెలవుల్లో నేను పెదనాన్న వెంట ఇక్కడికి వచ్చేదాన్ని. క్లాసులు ఆగకూడదని, పిల్లలు భోజనానికి వెళ్ళిన వ్యవధిలోనే అతుకు వేసేవాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి అది బిగిసిపోవాలి, ఎవరి నెత్తి మీదా ఊడిపడకూడదు. అందుకని క్యాంటీనులో అడిగి తెచ్చిన ఉప్పు గుప్పెడు నీళ్ళలో వేసి సిమెంటు కలిపేవాడు. ఎవరో ముసలి తాపీమనిషి నేర్పిన కిటుకు. నిజంగానే తొందరగా బిగిసేది. "చూశావా," అన్నట్టు నా వంక చూసి కళ్ళెగరేసేవాడు.

ఆ ఉప్పు లోపలికి దిగి ఇనుప చువ్వలను తినేస్తుందని, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుందని ఈ పనిలో చేరాక నేర్చుకున్నాను. రెండూ కలిపి చూసుకున్నది మాత్రం ఆ వరండాలోనే.

ఉప్పు అతుకుల దగ్గరే ఉంటే, అంతవరకూ తొలిచి తీసేస్తే చాలు, భవనం నిలుస్తుంది. ఆ మాట చెప్పాలంటే అతుకులు ఎవరివో చెప్పాలి. ఈ వయసులో ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. కానీ కాపాడుకొచ్చాననుకున్నదాన్ని తన చేతులే పాడుచేశాయని ఆయనకి తెలుస్తుంది. నేను నోరు మూసుకుంటే, ఆయన కళ్ళముందే దాన్ని కూలుస్తారు.

మర్నాడు పొద్దున సుత్తి పట్టుకుని రిటైరయ్యాక కూడా ఆయన రోజూ వచ్చి కూర్చునే గదికి వెళ్ళాను.

"పెదనాన్నా, నువ్వు వేసిన అతుకులన్నీ నాకు చూపించు."

ఆయన మొహం విప్పారింది. "ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు," అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

పై అంతస్తు నుంచి మొదలుపెట్టాం. సున్నం కింద నా కంటికి ఆననివి కూడా ఆయనకి కనబడుతున్నాయి. "దీనికోసం బల్ల మీద కుర్చీ వేసి ఎక్కా. మీ పెద్దమ్మతో అనకు." నేను తట్టాను. డొబ్బుమంది. గుండ్రం గీశాను. "ఇది పరీక్షల రోజుల్లో వేసింది. కింద పిల్లలు రాస్తుంటే చుక్క పడలేదు తెలుసా." తట్టాను. డొబ్బు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన మాటలు తగ్గిపోయాయి.

"అన్నీ గుల్లేనా అమ్మడూ?"

"అన్నీ, పెదనాన్నా."

"పాత కాంక్రీటు మరి."

అతుక్కి దూరంగా, ఆయన చెయ్యి పడనిచోట తట్టాను. ఖంగుమంది. ఆయన ఆ చోటు కేసి చూశాడు, తరవాత నా కేసి.

చెప్పేశాను. ఉప్పు, చువ్వలు, ఇంజనీరు రాయబోయే మాట, అన్నీ. మధ్యలో ఆగితే మళ్ళీ నోరు పెగలదని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"గట్టిపడేది కదే," అన్నాడు. "నువ్వూ చూశావుగా."

"చూశాను."

"క్యాంటీనాయన ఊరికే ఇచ్చేవాడు ఉప్పు. ఇంకాస్త తీసుకోవయ్యా అనేవాడు."

బయట వాన తెరిపిచ్చింది. ఆయన గోడ పట్టుకుని లేచాడు.

"ఇంకోటుంది. అది చూపించకుండా వదిలేద్దామనుకున్నా."

పెద్ద హాలు గుమ్మం పైన ఉంది అది. వేళ్ళతో నునుపు చేశాడేమో, చుట్టూ ఉన్న అసలు కాంక్రీటుకీ దానికీ తేడా లేదు. రోజూ దాని కిందినుంచే నడిచాను, తెలియలేదు. "నేను వేసినవాటిల్లో ఇదే బాగా కుదిరింది," అన్నాడు. నా చేతిలోంచి సుత్తి తీసుకుని, మునివేళ్ళ మీద లేచి, తనే తట్టాడు. విన్నాడు. సుద్దముక్క కోసం చెయ్యి చాపాడు.

ఇంజనీరు దగ్గరికి కూడా తనే వెళ్ళాడు.

"ఉప్పెయ్యమని మీకెవరు చెప్పారండీ?"

"క్లాసులు ఆగకూడదని, బాబూ."

ఇంజనీరు అతుకులకు దూరంగా మళ్ళీ ముక్కలు తీయించాడు. వాటిలో ఉప్పు లేదు. పడగొట్టే మాట పోయింది.

ఇప్పుడు గది తరవాత గది అతుకులు తొలుస్తున్నారు. కప్పుల్లో తుప్పుపట్టిన చువ్వలు పుండ్లలా బయటపడ్డాయి. అక్కడికి పోవద్దని పెద్దమ్మ పోరుపెట్టినా పెదనాన్న మానలేదు. పొద్దున్నే వచ్చి, రాలిన పెళ్ళలన్నీ ఊడ్చి ఎత్తుతాడు. తల పైకెత్తి మాత్రం చూడడు.

"ఎందుకు పెద్దాయనా, మధ్యాహ్నానికి మళ్ళీ పడుతుంది," అన్నాడు మేస్త్రీ.

"పడనీ. మధ్యాహ్నం మళ్ళీ ఊడుస్తా."

భోజనాల వేళ సుత్తులు ఆగాయి. అందరూ చేతులు కడుక్కుని బయటికి వెళ్ళారు. పెద్ద హాల్లోంచి చీపురు చప్పుడు వస్తూనే ఉంది.