ఎడమ పక్క కుర్చీ

బొరుగుల ఉగ్గానిలో పుట్నాల పొడి కలుపుతుంటే హాల్లోంచి దేవదానం ఏదో అన్నాడు. ఏదో అన్నాడని తెలిసింది గానీ, ఏమన్నాడో తెలియలేదు. స్వర్ణలత గరిటె చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చి "ఏమన్నారు?" అంది. మొగుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే "ఏం లేదులే" అన్నాడు.

ఆ మాట వింటే చాలు, ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఏం లేకపోతే నోరెందుకు తెరిచినట్టు? పులివెందుల నుంచి ఆడబిడ్డ ఫోన్ చేస్తుంది, అన్నాచెల్లెళ్ళు పడీపడీ నవ్వుకుంటారు, ఏందని అడిగితే ఏం లేదులే. కొడుకు కిరణ్ ఉద్యోగం మారాడు, ఆ సంగతీ ఏం లేదులే. తగ్గింది చెవి, బుర్ర కాదు కదా! జమ్మలమడుగు ఆడపిల్లల బడిలో ఈనాటికీ లెక్కలు చెప్పేది ఆమే. వెనక బెంచీల మాట అందడం లేదని తెలిశాక, జవాబు చెప్పాల్సిన పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి రాయించడం మొదలుపెట్టింది. దాంతో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలకు కూడా లెక్కలొచ్చాయి. ఇంట్లో ఒక్కరైనా మెచ్చుకున్నారా? "చెవిటిదానికి జీతమిస్తాండారే, వాళ్ళకేం పొయ్యేకాలం" అన్నదట అత్త. ఈ మాట మాత్రం దేవదానం కాస్త వినపడే ఆమె కుడి చెవి దగ్గరికొచ్చి మరీ వినిపించాడు.

అలాంటి మనిషి వారం రోజులుగా ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోదాం పదమని వెంటపడ్డాడు. ఏళ్ళ తరబడి తను అడిగితే తీరిక లేనివాడికి ఇప్పుడు బుద్ధొచ్చిందని సంబరపడింది, పిచ్చిది.

ఆస్పత్రిలో చెవి పరీక్షలయ్యాక, అక్కడే పనిచేసే మసరత్ అనే అమ్మాయి ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టింది. ముందుగా, తన మాటలు సరిగ్గా అందాలని, ఎడమ చెవి వెనక చిన్న వినికిడి మిషను పెట్టింది. కుడి చెవితో ఆమె ఎట్లాగో నెట్టుకొస్తోంది, బాగా మందగించింది ఎడమదే. మిషను జుట్టు కింద కనపడకుండా పోయింది. అబ్బా, ఫ్యాను ఇంత గోల చేస్తుందా! స్వర్ణలత చెయ్యి కదిలించి తన గాజుల చప్పుడు తనే వింది.

"చెవి ఎంత తగ్గిందో మిషన్లు చెప్తాయి మేడం. దాంతో మనిషి ఎట్లా బతుకుతాండారో చెప్పవు గదా" అంది మసరత్. "అందుకే చెవి తగ్గిన పెద్దవాళ్ళ కోసం తెలుగులో ప్రశ్నలు తయారుచేస్తాండాం. ఇంగ్లీషులో ఉండేవి మార్చి అడిగితే టీవీ వినపడుతుందా, మీటింగులో వినపడుతుందా అనే ఉంటాయి. మన ఆడోళ్ళ బాధ వాటిలో దొరకడంలే. మిమ్మల్ని అడిగి మీ మాటల్లోనే రాసుకుంటాం."

అప్పుడే దేవదానం బయట ఫోను ముగించి లోపలికొచ్చాడు. వచ్చి ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాడు. బస్సులోనైనా, చర్చిలోనైనా, చుట్టాల ఇళ్ళలోనైనా ఆయన కూర్చునేది ఆ పక్కే. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని అలవాటనుకుంది.

"ఇంట్లో మాటలు అందనప్పుడు మీకెట్లా అనిపిస్తుంది మేడం?"

"ఆమెకేమీ అనిపియ్యదు" అన్నాడు దేవదానం. "అలవాటు పడిపోయింది."

"మేడంని చెప్పనీండి సార్."

"ఆమెకు వినపడితే గదమ్మా చెప్పేది! నేను చెప్తా, రాసుకో." అని ముందుకు వంగాడు. "మిషనూ గిషనూ ఏమొద్దులే. బడికి పనికిరాదని డాక్టరుతో ఒక కాగితం రాయించి ఇప్పియ్యి, చాలు. పులివెందులలో మాయమ్మ మంచాన పడింది. మా చెల్లెలు నా వల్ల కాదంటాంది. ఆదివారం తెచ్చేస్తాండాం. ఎత్తేదానికి, కడిగేదానికి మనిషి కావల్ల గదా. ఉద్యోగం మానిపిస్తే ఈమె ఇంటికాడనే పడుంటాది. ఇంకా చెప్పలే ఈమెకు. చెప్తే రచ్చ చేస్తాది."

మసరత్ కలం ఆగిపోయింది. కంగారుగా నోరు తెరవబోయింది. స్వర్ణలత బల్ల కింద ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

అత్తకు చాకిరీ చేయడం తనకేం కొత్త? తుంటి విరిగినప్పుడు సెలవు పెట్టి మరీ మంచం దగ్గర కూర్చుంది. నోరు తెరిచి అడిగి ఉంటే ఈసారీ ఏదో దారి వెతికేది. అడగలేదు. కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగాన్ని, తను పక్కనే కూర్చుని ఉండగా, పాత సామాను బేరం పెట్టినట్టు పెట్టేశాడు. కరెంటాఫీసులో రిటైరై పొద్దస్తమానం సోఫాలో పడుకునే మనిషికి తన తల్లిని తనే ఎత్తొచ్చని తోచనైనా తోచలేదు! ఇన్నేళ్ళలో ఈ ఎడమ పక్కన ఇంకెన్ని మాటలు అనేశాడో, ఎవరెవరి ముందు అన్నాడో, వాళ్ళంతా తనను చూసి ఎంత జాలిగా నవ్వారో. సిగ్గు కూడా వేసింది. తను ఎందుకు సిగ్గుపడాలి అనుకునేసరికి ఆ సిగ్గు కాస్తా కోపమై కూర్చుంది.

మసరత్ మళ్ళీ కలం ఎత్తింది. "ఆఖరిది మేడం. మేం తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకేదైనా ఉందా?"

"అన్నీ నేను చెప్పినా గదా, ఇంకేముంటాది" అన్నాడు దేవదానం.

"ఉంది" అంది స్వర్ణలత. "రాసుకో మసరత్. 'మీకు వినపడదనుకొని, మీ ముందరే మీ గురించి ఏమేం మాట్లాడతాండారు?' అని అడుగు. వచ్చిన ప్రతి ఆడదాన్నీ అడుగు. తోడొచ్చినోళ్ళను బయట కూర్చోబెట్టి అడుగు."

దేవదానం మొహంలో రంగు మారింది. "ఏందే... నీకు వినపడిందా?"

ఆమె ఆయన వైపు తిరగలేదు.

"కింద నా జవాబు కూడా రాసుకోమ్మా. ఆదివారం ముసలామెను తెచ్చుకోనీ. ఎత్తేదానికి, కడిగేదానికి ఆమె కడుపున పుట్టిన కొడుకు ఇంటికాడ ఖాళీగానే ఉండాడు. నేను సోమవారం బడికి పోతాండా."