ఆరు గంటలు కలుపుకోండి

రైలు ప్రయాణం గురించి అలెవ్తీనా ప్రోఖరొవ్నాకి తెలియనిది లేదు. ఈ మాట ఆవిడే చెబుతుంది, మనం అడగక్కర్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు మాస్కో నుంచి వ్లదివొస్తోక్‌కి వెళ్ళే రైల్లో బోగీ అటెండెంటుగా చేసింది. పోవడానికి వారం, రావడానికి వారం. రిటైరయ్యాక, చనిపోయిన మొగుడి ఊరు క్ల్యూచెవ్కాలో కోళ్ళు పెంచుకుంటూ ఉంటోంది. మొగోచా స్టేషను అక్కడికి యాభై కిలోమీటర్లు. ఆవిడ కోళ్ళకి కూడా బెర్తు నంబర్లు ఇచ్చిందని పక్కింటి కేశా ఊరంతా చెప్పి నవ్వుతాడు.

2018 వేసవిలో జిల్లా వారపత్రిక వాళ్ళు ఆవిణ్ణి అడిగారు: దేశం చూడ్డానికి బయటివాళ్ళు చాలామంది వస్తున్నారు, మీ అనుభవాలు, సలహాలు నాలుగు ముక్కలు రాసివ్వండి అని. నాలుగు ముక్కలని వాళ్ళు మర్యాదకన్నారు. ఆవిడ నలభై పేజీల నోటుబుక్కు నింపింది.

అందులో మంచి సంగతులే ఉన్నాయి. చెప్పులు తెచ్చుకోండి, బూట్లతో బోగీలో తిరిగితే నేను ఊరుకునేదాన్ని కాదు. గ్లాసు తెచ్చుకోవద్దు, అటెండెంటు దగ్గర లోహపు తొడుగున్న గ్లాసులుంటాయి, అందులో తాగిన టీయే టీ. ఎదుటి బెర్తువాడు తిండి విప్పకముందే మీరు విప్పి పెట్టండి, తర్వాత వారం రోజులు మీకు తిండికి లోటుండదు. చలికాలంలో రెండు నిమిషాల స్టేషనైనా సరే కోటు లేకుండా దిగొద్దు. ఒకసారి చిటాలో బనీనుతో సిగరెట్టుకి దిగిన ఇంజనీరుకి చెవి తిమ్మిరెక్కి, ఇర్కుత్స్క్ దాకా ఆ చెవికి బాతుకొవ్వు రాస్తూ కూర్చున్నాను. ఇంకొకటి, రైల్లో తెలియనివాళ్ళు మీకు తమ బతుకంతా చెప్పుకుంటారు. వినండి. వాళ్ళు దిగిపోయాక ఆ మాటని మీరూ దించెయ్యండి.

మొదటి పేజీలో మొదటి సలహా మాత్రం ఎర్ర సిరాతో రాసింది. "ఈ దేశంలో రైలుకి ఒకటే గడియారం, మాస్కో గడియారం. టికెట్టు మీద ఏ టైమున్నా అది మాస్కో టైమే. మా మొగోచాకి వచ్చేవాళ్ళు దానికి ఆరు గంటలు కలుపుకోండి. బయట సూర్యుణ్ణి నమ్మొద్దు, ఊళ్ళో వాళ్ళని నమ్మొద్దు." ఈ సలహాతో ఆవిడ వేల మందిని గట్టెక్కించింది. అందుకని గర్వం. గర్వపడాల్సిన పనే, కాదనను.

ఆగస్టు మూడో వారంలో చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తాస్యా ఉత్తరం రాసి పదకొండేళ్ళు. ఫోను చేసీ పదకొండేళ్ళే.

"కాన్స్క్‌లో ఇల్లు అమ్మేశాను. నఖోద్కాలో కూతురి దగ్గరికి పోతున్నాను, ఇక ఇటు రాను. ఇరవై ఏడో తారీఖు, ఏడో బోగీ. మీ మొగోచాలో 8:40కి, పదిహేను నిమిషాలు ఆగుతుంది. నేను దిగి నిలబడతాను. రావాలనుంటే రా."

అలెవ్తీనా ఆ ఉత్తరాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, మడత సాపు చేసి, మళ్ళీ చదివింది. డెబ్భైకి దగ్గరపడ్డ మనుషులకి "ఇక ఇటు రాను" అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. ఆ పదిహేను నిమిషాలే మిగిలాయి.

పదకొండేళ్ళ కింద తల్లి పోయింది. అప్పుడు అలెవ్తీనా రైల్లో మాస్కో వైపు వెళుతోంది. కబురు ఇర్కుత్స్క్‌లో అందింది. తల్లి ఊరు కాన్స్క్ ఆ దారిలోనే ఉంది, రైలు అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది కూడా. ఆవిడ దిగలేదు. నా బదులు పనిచేసే మనిషి లేదు, బోగీ వదిలి రావడానికి ఒప్పుకోలేదు అని తర్వాత చెల్లెలికి చెప్పింది. చెల్లెలు "సరే" అంది, అంతే, మళ్ళీ మాట్లాడలేదు.

నిజానికి బదులు మనిషి ఉంది. రైలు సిబ్బందికి పెద్ద తనే వచ్చి, "నువ్వు దిగిపో, బోగీని నీ జోడీ అటెండెంటు చూసుకుంటుంది" అన్నాడు. ఆ సంగతి అలెవ్తీనా ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరూపేరూ తెలియనివాళ్ళ ఏడుపులు విన్న మనిషి, తన ముక్క ఒక్కటి ఎవరి చెవినా వెయ్యలేదు.

"వస్తున్నాను" అని ఒక్క మాట కార్డు మీద రాసి పంపింది. తర్వాత కేశా ఇంటి తలుపు తట్టింది. కేశాకి యాభై ఏళ్ళు, అడవి శాఖలో పని, భార్య లేదు, పాత జీపొకటి ఉంది.

"ఇరవై ఏడున నన్ను స్టేషనుకి తీసుకెళ్ళాలిరా. రెండూ నలభైకి రైలు. పదకొండుకి బయల్దేరదాం."

కేశా ఉత్తరం చదివాడు. "అలెవ్తీనా పిన్నీ, ఇందులో ఎనిమిదీ నలభై అనుంది కదా."

"అది మాస్కో టైమురా మొద్దూ. ఆరు కలుపు."

"ఆగు పిన్నీ. టీవీలో చెప్పారు. ఈ నెల ఒకటో తారీఖు నుంచి మార్చేశారట. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తున్నారట."

"నేను పనిలో చేరిన ఏడాది నుంచీ వింటున్నాను ఆ కబురు. ఎవరూ మార్చలేదు, మార్చలేరు. పైగా పొద్దున్న ఎనిమిదీ నలభైకి తూర్పుకి పోయే రైలు మొగోచాలో ఎప్పుడుంది? నువ్వు చెప్పు. నా కాలంలో లేదు."

"నీ కాలం పోయి మూడేళ్ళయింది పిన్నీ."

"నోర్ముయ్."

"పోనీ పొద్దున్నే వెళ్ళి కూర్చుందాం. పోయేదేముంది?"

"అందరూ చూస్తుండగా ఆరు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలా? అలెవ్తీనాకి టైము చూడ్డం రాదని ఊరూరా చెప్పుకోడానికా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కేశా చేతులెత్తేశాడు. శ్మశానం గుట్టెక్కితే ఫోను పలుకుతుంది, స్టేషనుకి ఫోను చేసి అడగొచ్చు కదా అని కూడా అన్నాడు. స్టేషనుకి ఫోను చేసి రైలు టైము అడగడమా, అలెవ్తీనా! ఆవిడ తలుపేసుకుంది.

ఇరవై ఏడున తెల్లవారకముందే లేచి క్యాబేజీ కూరిన చిన్న రొట్టెలు, పిరోష్కీలు, నలభై చేసింది. చెల్లెలికి గుడ్డూ ఉల్లికాడా కూరినవంటే ఇష్టమని అవి ఇంకో పన్నెండు. ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగుల సీసా ఒకటి. అన్నీ బకెట్‌లో సర్ది, తువ్వాలు కప్పింది. మంచి గౌను వేసుకుని, ఎనిమిదింటికల్లా తయారై, గోడ గడియారం కింద కూర్చుని ఏం మాట్లాడాలో ఆలోచించింది. పదిహేను నిమిషాల్లో ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకుంది. మూడింట్లోనూ అమ్మ ప్రస్తావన లేదు. సరిగ్గా ఆ వేళకే అక్కడ ఏడో బోగీ తలుపు తెరుచుకుంది.

పదకొండుకి బయల్దేరారు. రోడ్డు గురించి చెప్పుకుంటే మన నడుములు నొప్పి పుడతాయి. దేవుడు సముద్రపు ఒడ్డున సోచిని చేశాడు, దెయ్యం మొగోచాని చేసింది అంటారు. మొగోచా దాకా రోడ్డు వెయ్యడానికి మాత్రం ఇద్దరిలో ఎవరూ రాలేదని కేశా అన్నాడు. అలెవ్తీనా నవ్వలేదు. బకెట్‌ని ఒళ్ళో పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుంది.

రెండింటికి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళారు. అక్కడ పొగబెట్టిన చేపలు అమ్ముకునే రాయా ఒక్కతే ఉంది. రాయా అలెవ్తీనాని చూసి, లేచి నిలబడి, దణ్ణంలా శిలువ గుర్తు వేసుకుంది.

"ప్రోఖరొవ్నా! నువ్వు బాగానే ఉన్నావా?"

"నాకేం? రెండూ నలభై రైలు ఏ లైను మీదికొస్తుంది?"

"ఏ రెండూ నలభై?"

"తూర్పుకెళ్ళేది. ఏడో బోగీలో మా చెల్లెలుంది."

రాయా చేపని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. ఆవిడకి చెప్పాలని లేదు, కానీ చెప్పక తప్పలేదు. "పొద్దున్నే పోయింది కదమ్మా. ఎనిమిదీ నలభైకి వచ్చి ఎనిమిదీ యాభై అయిదుకి పోయింది. మీ చెల్లెలు కిందికి దిగి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉంది. నీకు ఫోను చేస్తే పలకలేదట. క్ల్యూచెవ్కా అలెవ్తీనా తెలుసా, బతికుందా, అని అందర్నీ అడిగింది. నన్నూ అడిగింది. వసంతం నుంచీ నేను చూళ్ళేదన్నాను. ఏం చెయ్యను, చూళ్ళేదు మరి. రైలు కదులుతుంటే అటెండెంటు పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాక్కుంది."

అలెవ్తీనా బకెట్ కింద పెట్టింది. కేశా తల తిప్పుకుని సిగరెట్టు వెతుక్కున్నాడు. నేను చెప్పానా లేదా అని అననందుకు అతన్ని మెచ్చుకోవాలి.

ఆవిడ ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఆరు గంటలు, అనుకుంది. ఈ పాటికి రైలు స్కొవొరోదినో స్టేషనుకి దగ్గరపడుతూ ఉంటుంది. ఇక ఎంత పరుగెత్తినా అందదు. చెల్లెలు ఏమనుకుని ఉంటుందో ఆవిడకి తెలుసు: ఇది మళ్ళీ రాలేదు, అనుకుని ఉంటుంది. ఈసారి నిజంగా వద్దామనుకున్న సంగతి ఎవరు చెబుతారు? చెప్పినా ఎవరు నమ్ముతారు?

రెండున్నరకి తూర్పు నుంచి మాస్కో వైపు వెళ్ళే రైలొకటి వచ్చి ఆగింది. అలెవ్తీనా దాని వైపు చూడలేదు. రాయా మోచేత్తో పొడిచింది.

"అదుగో. అదుగో ఆవిడే."

మూడో బోగీ మెట్ల మీంచి నల్ల రుమాలు కట్టుకున్న ముసలావిడ వెనక్కి తిరిగి దిగుతోంది. పైనుంచి అటెండెంటు ఒక పెట్టె, రెండు మూటలు, ఒక కుట్టుమిషను అందించింది. ముసలావిడ అన్నీ లెక్కపెట్టుకుని ఇటు తిరిగింది. అక్కని చూసింది. చూసి కదల్లేదు.

అలెవ్తీనాయే వెళ్ళింది.

"చావలేదా నువ్వు?" అంది తాస్యా.

"లేదు."

"ఆస్పత్రిలో ఉన్నావా?"

"లేదు."

"మొదట అనుకున్నాను, ఇదింతే, రాదు అని. తిట్టుకుంటూ ఎక్కాను. గంట గడిచాక మనసులో పీకడం మొదలైంది. వస్తున్నానని కార్డు రాసింది, రైలు విషయంలో ఇది అబద్ధమాడదు, చచ్చిపోయిందేమోనని. అమజార్ స్టేషన్లో సామానంతా దింపుకుని దిగిపోయాను. అక్కడ ఎవరో మహాతల్లి చావుకి కట్టుకోమని ఈ నల్ల రుమాలిచ్చింది." రుమాలు కొస లాగి చూపించింది. "మరెందుకు రాలేదే?"

కేశా ముందుకొచ్చాడు. మంచివాడు, చూస్తూ ఊరుకోలేకపోయాడు. "బండి చెడిపోయిందమ్మా. దారిలో ఇరుసు విరిగింది. పిన్ని పాపం తెల్లవారుజామునే..."

అలెవ్తీనా అతని వైపు చూసింది. అబద్ధం బాగుంది. తయారుగా ఉంది, పక్కన సాక్షి ఉన్నాడు, తనేమీ అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. పదకొండేళ్ళ కిందా ఇంత బాగానే కుదిరింది.

"బండికేం కాలేదు" అంది. "టైము తప్పు చూశాను. వీడు చెప్పాడు, మార్చారని. నేను వినలేదు."

తాస్యా నోరు తెరిచింది. "నువ్వా? టైమా?"

"నేనే." ఇక ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆవిడకి తెలుసు. "ఇంకొకటుంది తాస్యా. అమ్మప్పుడు నా బదులు మనిషి ఉంది. దిగిపొమ్మన్నారు. కాన్స్క్‌లో తలుపు తీసి నిలబడ్డాను, కమ్మీ పట్టుకుని. దిగలేదు. నన్నెవరూ ఆపలేదు."

మాస్కో రైలు ఇంకా కదల్లేదు. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు.

"తెలుసు" అంది తాస్యా.

"ఏం తెలుసు?"

"నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. నిన్ను తీసుకెళ్దామని వచ్చాను. ఆ నీలం యూనిఫాం కోటు వేసుకుని తలుపులో నిలబడ్డావు. నన్ను చూశావేమో అనుకున్నాను. చూడలేదు, నేల కేసి చూస్తున్నావు. రెండు నిమిషాలూ అలాగే ఉన్నావు. రైలు పోయింది."

అలెవ్తీనా తలెత్తి చెల్లెలి మొహంలోకి చూసింది.

"మనిషి దొరకలేదని నువ్వు ఫోన్లో చెబుతుంటే విన్నాను. నిజం ఎప్పుడు చెబుతావా అని పదకొండేళ్ళు చూశాను." తాస్యా నల్ల రుమాలు ముడి విప్పడానికి తంటాలు పడింది, వేళ్ళు సాగలేదు. "ఎందుకు దిగలేదే?"

"భయమేసింది. అమ్మని అలా చూడాలంటే భయమేసింది."

"నాకూ భయమేసింది" అంది తాస్యా. "నేనొక్కదాన్నే పూడ్చుకున్నాను."

అలెవ్తీనా అప్పుడు ఏడ్చింది. తల్లి కోసం ఏడవాల్సిందంతా, మొగోచా ప్లాట్‌ఫారం మీద, చేపలమ్మే రాయా ముందు, కేశా ముందు, రైలు కిటికీల్లోని ముక్కూమొహం తెలియని జనం ముందు, దాపరికం లేకుండా ఏడ్చింది. తాస్యా ఓదార్చలేదు, ఊరుకోమనీ అనలేదు. పక్కనే కుట్టుమిషను మీద కూర్చుని, అక్క ఏడుపు పూర్తయ్యేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.