ముల్లు చెప్పని సంగతి

నేనొక బరువు తూచే యంత్రాన్ని. కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో నాకు స్ప్రింగు బిగించి, ముల్లును సున్నా దగ్గర నిలబెట్టి లోకం మీదికి వదిలారు. కాకినాడలో నన్ను మొదట కొన్నది ఒక జిమ్ము. అక్కడ జనం చెప్పులు విప్పి, వాచీ తీసి, ఊపిరి బిగబట్టి మరీ ఎక్కేవారు. అంకె నచ్చకపోతే “ఇది పాడైపోయింది గురూ” అంటూ దిగిపోయేవారు. జిమ్ము మూతపడ్డాక మానసిక వైద్యురాలు వసంతలక్ష్మి గారు నన్ను తన ఆసుపత్రికి తెచ్చుకున్నారు.

దాంతో నాకు కాస్త పొగరెక్కింది. తిండి జబ్బులతో వచ్చేవాళ్లకు తీర్పు చెప్పేది నేనేననుకున్నాను.

ఒక ఉదయం బట్టలు కుట్టే రూతమ్మ, పదహారేళ్ల కూతురు తబితను తీసుకొచ్చింది. పిల్ల ఎక్కితే నా ముల్లు ముప్పై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గిందట.

“సన్నబడాలని పిచ్చండి దీనికి! ఫోన్లో సన్నటి పిల్లల వీడియోలు చూసి అన్నం మానేసింది,” అంది రూతమ్మ. నేనూ అదే అనుకున్నాను.

డాక్టరు గారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

“లావైపోతానని భయమా అమ్మా?”

“లేదండి. పుల్లలా ఉన్నాను. చూసుకుంటే నాకే ఏడుపొస్తోంది.”

“ఆపుకోలేక బోలెడు తినేయడం, తిన్నది కావాలని కక్కేయడం ఉందా?”

“లేదండి.”

“మరి ముద్ద ఎత్తగానే ఏమవుతుంది?”

తబిత తల దించుకుంది. “గొంతుకు అడ్డం పడి చచ్చిపోతాననిపిస్తుందండి. వేసవిలో చేప ముల్లు గుచ్చుకుంది. అప్పట్నుంచీ గంజీ మజ్జిగే.”

“నాతో చెప్పలేదేమే?” రూతమ్మ కూతురి వైపు తిరిగింది.

“నువ్వు సోకులంటూ తిట్టావు గానీ ఎందుకని అడిగావా అమ్మా?”

నా మీద తిరిగే ముల్లొకటే నాకు తెలుసు. ఆ పిల్ల మనసులో దిగిన ముల్లు సంగతి నాకేం తెలుసు?

ముందు గొంతుకూ రక్తానికీ పరీక్షలు చేయించారు. ఏ లోపమూ లేదు. అప్పుడు డాక్టరు గారు రూతమ్మకు వివరించారు. “తిండి తగ్గిందని అందరిదీ ఒకటే జబ్బు కాదండి. లావవుతామనే భయంతో మానేస్తే ఒకటి. మింగాలంటేనే భయపడి మానేస్తే వేరొకటి, మీ అమ్మాయిది అది. బరువు చూస్తే ఎంత చిక్కిందో తెలుస్తుంది. ఎందుకు చిక్కిందో మీ అమ్మాయే చెప్పాలి.”

తర్వాత వారం వారం ఆ గదిలోనే అలవాటు చేయించారు. జావ, మెత్తటి ఇడ్లీ, ఆ తర్వాత పప్పన్నం. పప్పన్నం నాడు ఐదో ముద్దకు తబితకు పొలమారింది. రూతమ్మ లేవబోతే డాక్టరు గారు చెయ్యి పట్టి ఆపారు. పిల్ల దగ్గింది, కళ్లు తుడుచుకుంది, రెండు గుక్కలు నీళ్లు తాగింది. కాసేపు గిన్నె వంకే చూసింది. ఆరో ముద్ద తనే కలుపుకుంది.

ఆ రోజు నన్నెవరూ ఎక్కలేదు.