చమ్మగింజల మేత

ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రపు హోరు వినబడే పల్లెలో నూర్‌బీ తెల్లకోళ్ళు పెంచేది. బ్లాకు ఆఫీసు వాళ్ళు మేలుజాతి కోడిపిల్లల్ని పంచిన కొత్తలో, అంటే 1963లో, ఆమె కూడా తెచ్చుకుంది. భర్త చోటే సాహెబ్ దర్జీ. ఆయాసం ముదిరి మిషను తొక్కలేకపోతున్నాడు. గుడ్లమీదే ఇల్లు గడిచేది.

మరుసటి ఏడు తవుడు, వేరుశెనగ చెక్క కొనలేనంత పిరమైపోయాయి. కంచెలమీద పాకే, పెద్ద చిక్కుళ్ళలాంటి చమ్మకాయలు మాత్రం ఎవరికీ పట్టకుండా ఎండిపోతుండేవి. వాటి గింజల్ని నానబెట్టి, రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, దంచి నూకల్లో కలిపి పెట్టింది నూర్‌బీ. కోళ్ళు ఇష్టంగా తిన్నాయి, గుడ్లూ తగ్గలేదు. పచ్చి గింజ విషమని పుట్టింట్లో చిన్నప్పుడే విన్నది కనుక ఉడికించడం మాత్రం అప్పటిదాకా ఏనాడూ మానలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. పోగేసిన సరుగుడు పుల్లలు తడిసిపోయాయి. ఇంట్లో మిగిలిన ఎండుకట్టెలు ఒక్క కుండకే సరిపోతాయి. చోటే సాహెబ్ జ్వరంతో మూలుగుతున్నాడు. నూర్‌బీ ఆయనకు గంజి కాచింది. కోళ్ళు ఆకలికి తడిక పొడుస్తుంటే ఆ అరుపులు వినలేక, నానిన గింజల్నే మళ్ళీ మళ్ళీ కడిగి, దంచి వేసింది. ఇన్నిసార్లు కడిగితే విషం పోకుండా ఉంటుందా అనుకుంది.

వాన తెరిపిచ్చేసరికి కోళ్ళు రెక్కలు వేలాడేసి మూలకు చేరాయి. కొన్ని అప్పటికే బిగుసుకుపోయాయి. నూర్‌బీ తల పట్టుకుని గూటి ముందు కూలబడింది.

"చచ్చేలోగా కోసేద్దాం. సంతలో అమ్మితే ఎవురికి తెలుస్తది?" అన్నాడు చోటే సాహెబ్ మంచంమీద నుంచి.

ఆమె జవాబు చెప్పేలోపే పక్కింటి చెంచమ్మ వచ్చింది. ఆమె కోడలికి కాన్పై వారమైంది.

"నూర్‌బీ, ఒక కోడినియ్యి మే. బాలింతకి పులుసు పెట్టాల. ఊరికే వద్దులే, ధర ఇస్తా."

చోటే సాహెబ్ భార్యవైపు చూశాడు. నూర్‌బీ లేచి గూటి తడికకు అడ్డంగా నిలబడింది.

"లేదక్కా, ఇవ్వలేను."

"గూటినిండా పెట్టుకోని లేవంటావా? నీ ఇంట్లో అవసరమొస్తే నేనిట్టే అన్నానా?"

ఆ మాట నూర్‌బీకి గుచ్చుకుంది. "పచ్చి చమ్మగింజలు తిన్నాయక్కా. చచ్చిపోతా ఉండాయి. ఆ బాలింతకి పెట్టొద్దు" అంది ఏడుస్తూ.

చెంచమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది.

చచ్చిన కోళ్ళను నూర్‌బీ ఇసుకలో లోతుగా పాతిపెట్టింది. గట్టెక్కిన కొన్నింటికి ఎండ కాశాక మునుపటిలాగే గింజలు ఉడికించి పెట్టింది. అవి తేరుకుని గుడ్లు పెట్టసాగాయి. కానీ కొనేవాళ్ళు లేరు. గుడ్లు ఏరుకుని నెల్లూరు తీసుకుపోయే గంగులయ్య కూడా గుమ్మం ముందు ఆగలేదు.

నూర్‌బీ చెంచమ్మ ఇంటికి వెళ్ళి నిలదీసింది. "నీకు నిజం చెప్పినందుకా అక్కా, ఊరంతా చాటినావు?"

"చెడ్డ చెప్పలా మే. బిడ్డలున్నోళ్ళకి తెలవాల గదా అని చెప్పినా" అంది చెంచమ్మ, ముఖం చూడకుండా. ఆ తర్వాత ఆమె కూడా గుడ్డు అడగలేదు.

ఇక నూర్‌బీ నాట్లకు కూలికి పోసాగింది. చోటే సాహెబ్ పొగకు దగ్గుకుంటూ గింజలు ఉడికించేవాడు. అమ్ముడుపోని గుడ్లు వాళ్ళిద్దరే తినేవాళ్ళు.

ఒక సాయంత్రం బురదకాళ్ళు కడుక్కుంటూ ఆమె అడిగింది. "మీరన్నట్టు అమ్మేసుంటే ఈ కూలి తప్పేదేమో గదా?"

ఆయన పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. "చెంచమ్మ కోడలు పచ్చి బాలింత గదా" అన్నాడు.

నూర్‌బీ తల ఊపింది. నడుము పట్టేసినట్లై గోడకు ఆనుకుని కూర్చుంది.